గుడ్ల పుస్తకం

ఉమాదేవి పొద్దున్నే పెరట్లో నిలబడి, పక్కింటి మరియమ్మ కోళ్ళగూటి గోడకేసి చూసి మూతి విరిచింది. గోడ మీద బొగ్గుతో మళ్ళీ కొత్త గీతలు. ఇవాళ్టి గుడ్ల లెక్క కాబోలు.

"అక్షరమ్ముక్క రాని మనిషికి కోళ్ళు కూడానా!" అని పైకే అనుకుని లోపలికొచ్చి, తన పుస్తకం తెరిచింది. అట్ట వేసి, ఎర్రసిరాతో గడులు గీసిన పుస్తకం. తారీఖు వేసి ఆ రోజు గుడ్లెన్నో గుండ్రంగా రాసింది.

రాజోలు దగ్గర ఆ ఊళ్ళో డ్వాక్రా సంఘం వాళ్ళు కిందటేడు ఇద్దరికీ తలా పది పెట్టలు ఇచ్చేరు. రోజూ గుడ్ల లెక్క రాయాలనీ, పుస్తకం సరిగ్గా ఉంటేనే రెండో విడత పెట్టలనీ షరతు. ఆ పుస్తకాలు చూడ్డానికి పశువుల డాక్టరు ఆనందరావు గారు ఆవేళే వస్తున్నారు.

"డాక్టరుగారికి ఏం చూపిస్తావు మరియమ్మా? గోడ పెకలించి చేతిలో పెడతావా?" అంది ఉమాదేవి, ప్రహరీ మీంచి.

"ఆయ్, ఏదో ఒకటి చూపిస్తానండీ" అని నవ్వింది మరియమ్మ.

వెక్కిరింత కూడా తెలియని మొద్దు, అనుకుంది ఉమాదేవి.

పదింటికి డాక్టరుగారు వచ్చేరు. ఉమాదేవి పుస్తకం తిరగేసి, "ఒక్క రోజు కూడా వదల్లేదే!" అని మెచ్చుకున్నారు. కోళ్ళేవని అడిగేరు.

"కొబ్బరితోటలోకి మేతకి పోయేయండీ. సాయంత్రానికి గానీ రావు."

ఆయన సరేనని సంతకం పెట్టి మరియమ్మ ఇంటికి బయల్దేరేరు. తమాషా చూద్దామని ఉమాదేవి కూడా వెంట వెళ్ళింది.

మరియమ్మ లోపల్నుంచి లావుపాటి పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఏ పెట్ట ఎన్ని పెట్టింది, ఎంత మేత తింది, ఏ రోజు మందు వేసింది, అంతా పొందిగ్గా రాసి ఉంది. బాగా చదువుకున్న మనిషి చేతిరాత. ఉమాదేవి మొహం మాడిపోయింది.

"ఇలాంటి పుస్తకం నేనెక్కడా చూళ్ళేదండీ" అన్నారు డాక్టరుగారు. ఇద్దరికీ రెండో విడత పెట్టలు రాసి వెళ్ళిపోయేరు.

ఉమాదేవి ఆ పుస్తకం లాక్కుని చూసింది. మంగళవారం గోడ మీద ఐదు గీతలుంటే, ఇందులో ఏడు. బుధవారం ఆరు గీతలకి ఇందులో ఎనిమిది.

"ఇంత రాయడం వచ్చినదానివి, గోడ మీద ఆ పిచ్చిగీతలెందుకే? అవీ తప్పుడు లెక్కలు! ఎంత చదివితే ఏం లాభం, బుర్ర ఉండొద్దూ?"

మరియమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీ కోళ్ళన్నీ తెగులొచ్చి పోయిన కాణ్ణించీ, మీరు చూసి రాసుకోడానికనే గీస్తన్నానండీ, రెండు పుస్తకాలూ ఒక్కలా ఉంటే దొరికిపోతారని రెండేసి తగ్గించి."