పుట్టగానే మార్కులు

“పుస్తకం తర్వాత చూసుకో! ముందు పాపను తుడువు!”

పద్మారాణి మేడం అరుపుకు ఐమన్ చేతిలోని తువ్వాలు జారబోయింది. వార్మర్ వేడి కింద అప్పుడే పుట్టిన ఆడపిల్ల కదలకుండా పడి ఉంది. ఏడుపు లేదు. ఒళ్ళంతా నీలం.

“తుడుస్తున్న మేడం.”

“అట్లనా తుడిచేది? వీపు రుద్దు. అరికాలు మీద వేలితో కొట్టు. జోల పాడుతున్నవా?”

పద్మారాణి మేడం నోటికి తాండూరు బండ కూడా పగులుతుందని నర్సింగ్ కాలేజీలో పేరు. అందులోనూ ఐమన్ అంటే ఆమెకు అసలు పడదు. ఐమన్‌కూ ఆమె పేరు వింటే ఒళ్ళుమంట. ఇవాళ పొద్దున స్టూడెంట్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచీ మేడం మరీ మండిపడుతోంది. ఎవరినీ కూర్చోనివ్వలేదు, తనూ ఓ చోట కూర్చోలేదు.

ఈ పగ పది రోజుల నాటిది. ఇదే కాన్పుల గదిలో, అప్పుడే పుట్టిన ఓ బాబుకు ఐమన్ తొమ్మిది మార్కులు వేసింది. ఊపిరి, గుండె, రంగు, ఒంటి బిగువు, ముట్టుకుంటే ఉలికిపాటు, ఐదింటికీ రెండేసి చొప్పున పదికి లెక్క. మేడం వచ్చి చూసి ఏడే వస్తాయంది. రికార్డు పుస్తకంలో ఆ పేజీని అందరి ముందూ అడ్డంగా కొట్టేసింది.

“తల్లి బుగులుపడి ఏడుస్తుంటే జాలైంది మేడం,” అంది ఆ రోజు ఐమన్.

“నీ జాలి ఎవలికి కావాలె? తొమ్మిదంటే నమ్మి కంటినిండ నిద్రపోయిన తల్లి ఒకామె నాకు తెలుసు. తెల్లారి లేస్తే పక్కల పిల్ల లేదు. ఇంక నువ్వు పిల్లలను ముట్టుకోకు.”

అప్పటి నుంచి ఐమన్ పని దుప్పట్లు మార్చడమే. ఇవాళ మాత్రం ముట్టుకోక తప్పలేదు. డాక్టరమ్మ పై అంతస్తులో ఆపరేషన్‌లో ఉంది. పిల్లల డాక్టరు వికారాబాద్ నుంచి వస్తూ ఇంకా ధారూరు దాటలేదు. మిగతా స్టూడెంట్లు రక్తం కోసం పరుగెత్తారు. స్టాఫ్ నర్సు రాహేలమ్మ రెండు చేతులూ తల్లి దగ్గరే ఉన్నాయి. మాయ పడలేదు, రక్తం ఆగడం లేదు.

“గుండె ఎంత?”

ఐమన్ బొడ్డు మొదట్లో వేళ్ళు పెట్టి ఆరు సెకన్లు లెక్కపెట్టింది. “ఎనిమిది. అంటే నిమిషానికి ఎనభై.”

“ఊపిరి?”

“లేదు.”

“నిమిషమైంది. మొత్తం ఎన్ని మార్కులు?”

ఐమన్ పాప చేయి ఎత్తి వదిలి చూసింది. నాలుగు అందామా అనుకుంది. మేడం మీద ఎంత కోపమున్నా, ఆ అంకెను ఆ గదిలో పైకి ఎలా చెప్పడం?

“నిన్నే! మూగదానివైనవా?”

“రెండు.”

కాన్పు బల్ల కిర్రుమంది. “కదలకు తల్లీ, నీకు దండం పెడ్త, కదలకు,” అంది రాహేలమ్మ.

“మాస్కు పెట్టు. గాలి బ్యాగు ఒత్తు,” అంది మేడం. “ఇంక నా మొహం చూస్తున్నవేంది?”

“ఒత్తుతున్న. రొమ్ము లేస్తలేదు.”

“తల సరిచెయ్యి. గదువ జర పైకి లేపు. మాస్కు పక్క నుంచి గాలి పోతున్నది, నాకు ఇక్కడికి వినబడుతున్నది. నీకు చెవుడా?”

“మీరు అరుస్తుంటే నా చేతులు వణుకుతున్నయి! జర సప్పుడు చెయ్యకుండ్రి!”

మేడంకు ఎదురు చెప్పిన స్టూడెంటు ఇంతవరకూ లేదు. రాహేలమ్మ కూడా ఊరుకోలేదు. “పిల్ల చెప్పింది నిజమే. మీ లొల్లికి ఇక్కడ నా పని ఆగమైతున్నది. నోరు మూసుకోండ్రి మేడం.”

“నేను మూసుకుంటే అది ఒత్తుడు ఆపుతది!” బల్ల కమ్మీ మీద బిగించిన పిడికిలి వదలకుండానే అంది మేడం. ముఖమంతా చెమట. “ఒత్తు, రెండు, మూడు. ఒత్తు, రెండు, మూడు...”

ఐమన్‌కు ఆ గొంతంటే అసహ్యం. అయినా ఆమె చేతులు ఆ గొంతు వెంటే నడిచాయి. ఇరవయ్యో, ముప్పయ్యో ఒత్తిన తర్వాత పాప రొమ్ము లేచింది.

“లేస్తున్నది మేడం!”

“సంబరం తర్వాత. గుండె చెప్పు.”

“పన్నెండు. నూట ఇరవై!”

పాప ముక్కు చిట్లించింది. చిన్నగా మూలిగింది. ఆ తర్వాత గది దద్దరిల్లేలా ఏడ్చింది. ఐమన్‌కూ ఏడుపొచ్చింది. ఏడిస్తే దానికీ తిట్లుంటాయని ఆపుకుంది.

“మాయ పడ్డది. రక్తం కూడ ఆగింది,” అంది రాహేలమ్మ, మోచేత్తో నుదురు తుడుచుకుంటూ.

“ఐదు నిమిషాలైంది,” అంది మేడం. “ఇప్పుడెంత?”

“ఎనిమిది.”

“తొమ్మిది వెయ్యరాదా?”

ఐమన్ ఉలిక్కిపడింది. మేడం గొంతులో తిట్టు లేదు. తిట్టు కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

“వెయ్యను. చేతులు, కాళ్ళు ఇంక నీలంగనే ఉన్నయి. ఒంటి బిగువు సగమే. పిల్లల డాక్టరు చూసేదాక పాప దగ్గరి నుంచి నేను లేవ. మీరు ముట్టుకోవద్దన్నా ముట్టుకుంట.”

మేడం పిడికిలి కమ్మీని వదిలింది.

“ఎనిమిదే రాసుకో,” అంది చివరికి.

“ఇగ మీ పంచాయితీ చాలు,” అని రాహేలమ్మ కసిరింది. “పాపను తల్లికియ్యి బిడ్డా.”

ఐమన్ పాపను పద్మారాణి మేడం రొమ్ము మీద పడుకోబెట్టింది.