పడమటి గట్టు

“పడమటి గట్టు వదిలేయండి!” చిరుత దూరిన పత్తిచేను చుట్టూ కర్రలతో నిలబడ్డ జనానికి కేకేసి చెప్పాడు అనీస్. కెన్యాలో సఫారీ గైడు. సెలవుకి ఊరొచ్చి మూణ్ణెల్లయింది.

“చిరుత పారిపోదూ?” అన్నాడు జనంలోంచి అంకమ్మరావు.

“పోనీరా. దారి కనపడకపోతేనే మీద పడుద్ది.”

జనం తప్పుకున్నారు. చిరుత అటే కొండల్లోకి పోయింది.

ఇంటికి రాగానే అనీస్ మళ్ళీ మొదలెట్టాడు. “నా పాస్‌పోర్టు ఏదే? సెలవైపోయి నెలయింది!” చేతిలో గ్లాసు గోడకేసి కొట్టాడు.

చేను దగ్గర అతని మాటలు విన్న భార్య నస్రత్, గుమ్మంలో నిలబడే పక్కనున్న మిరపకాయల బస్తా విప్పింది. అడుగు నుంచి పాస్‌పోర్టు తీసి, దులిపి ఇచ్చింది.

“దాచింది నేనే. నెల్నుంచీ నా మీదెందుకు పడుతున్నారో ఇవాళ తెలిసింది” అంది.

గుమ్మంలోంచి పక్కకు జరిగింది.