కొంగున తాళం

అచ్చుతప్పులుంటే మన్నించండి. కూడబలుక్కుంటూ రాసేదాన్ని, ఈ నాలుగు మాటలకు మూడు దినాలు పట్టింది.

మదనపల్లె ఆసుపత్రి గేటు ముందు చౌడమ్మ పాత ఆల్టో కారు ఆపింది.

“లైసెన్సు వచ్చినాక అందరూ మొదట గుడికి పోతారు. ఈడికి యాల తెచ్చినావుమా?” అనింది కూతురు వనిత.

“టైమెంత?”

“పదీ నలభై. పుంగనూరులో పదికి బయల్దేరినాం గదా.”

“నలభై నిమిషాలేనా!”

“అదీ నువ్వు ఎద్దులబండి తోలినట్ట తోలితే!” వనిత నవ్వింది.

చౌడమ్మ నవ్వలేదు.

“మీ నాయనకు గుండెనొప్పి వచ్చిన దినం బాడుగ కారు కోసం గంటన్నర కాచుకుంటిమి. దోవలోనే పాయె. ఈ కారు వాకిట్లోనే ఉండె. నేర్చుకోమని ఎంత మొత్తుకున్నాడో! అక్షరం రానిదానికి లైసెన్సు ఎవురిస్తారులే అంటి.”

కొంగు ముడి తడుముకుంది.

“తాళం ఈడనే ఉండె పాపా.”

— చౌడమ్మ, అరవై రెండేండ్లు, ఇప్పుడు ఉండేది కుప్పంలో, కూతురి దగ్గర.