సగం కొట్టిన అడ్రస్

జితేంద్ర రెండు కంపెనీలను ఒకేసారి మోసం చేస్తున్నాడు, అదీ పైజమాలో కూర్చుని.

కరోనా పుణ్యమా అని జర్మనీలో ఆఫీసులన్నీ ఇళ్ళకు చేరిపోయాయి. జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉండగానే, మ్యూనిక్‌లో టిల్మార్క్ అనే బీమా కంపెనీలో ఇంకోటి సంపాదించాడు. రెండూ పూర్తి ఉద్యోగాలే, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఇక్కడి మీటింగులో మైకు మూసి, అక్కడి మీటింగులో నోరు తెరుస్తాడు. ఇంత తెలివి ఉన్నవాడు ఇంకో లాప్‌టాప్ మాత్రం కొనలేదు, పిసినారితనం కొద్దీ అన్నీ ఒకదాంట్లోనే లాగిస్తున్నాడు.

అదే కొంప ముంచింది. కార్ల కంపెనీ టీమంతటికీ తన స్క్రీను చూపిస్తూ, ఆఫీసు పనుల టికెట్ల సైటు కోసం అడ్రస్ పట్టీలో టి, ఐ అని రెండక్షరాలు కొట్టాడు. మిగతాది బ్రౌజరే పూరించేసింది. టిల్మార్క్ ఉద్యోగుల లాగిన్ పేజీ తెర నిండా పరుచుకుంది.

కాసేపటికే టీమ్ లీడ్ భాస్కర్ రావు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, అక్కడ కూడా జీతం వస్తోందా?"

"అయ్యో, అదేం లేదు సార్! సగం అడ్రస్ కొడితే బ్రౌజర్ ఏదో ఒకటి అతికిస్తది కదా. ఎవరి సిస్టమ్‌లో కొట్టినా అదే వస్తది."

"నాకే చెవిలో పువ్వు పెడతావా? హెచ్ఆర్‌తో మీటింగుకి టెర్మిన్ తీసుకున్నా. ఆ ముక్కేదో అక్కడ చెప్పు."

జితేంద్ర లెక్క వేసుకున్నాడు. బయటపడితే రెండు ఉద్యోగాలూ ఊడతాయి, వాటితో పాటు ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డూ. మొన్ననే కీటా అనే పసిపిల్లల బడిలో సీటు దొరికిన కూతురిని ఎత్తుకుని పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. సంగతంతా భార్య గీతికకు చెప్పుకున్నాడు.

"తప్పంతా బ్రౌజర్ మీదికి నూకేసినవా? నీకన్న అదే నయం, ఉన్నదున్నట్టు చెప్పింది," అంది గీతిక.

హెచ్ఆర్ ఫ్రావ్ కెల్లర్ అంటే ఆఫీసులో అందరికీ హడల్. భోజనానికి వెళ్ళి ఆలస్యంగా వచ్చిన వాడికి కూడా నోటీసు ఇచ్చిన మనిషి. ఆ రోజు వీడియో మీటింగుకు మాత్రం తనే ఆలస్యంగా వచ్చింది, కెమెరా ఆపుకుని.

"క్షమించండి, ఇంకో కాల్ తెగలేదు. హెర్ జితేంద్ర, ఏమిటి మీ సమాధానం?"

జితేంద్ర అదే అబద్ధాన్ని మళ్ళీ చెప్పాడు.

"మేడమ్, బ్రౌజర్ జోస్యం చెప్పదు," అన్నాడు రావు. "మనం తరచూ వెళ్ళే చోటే గుర్తుపెట్టుకుని చూపిస్తుంది. కావాలంటే నా స్క్రీను చూడండి."

రావు కూడా టి, ఐ అని కొట్టాడు. టిరమిసు కేకు చేసే విధానం ప్రత్యక్షమైంది. పని వేళల్లో రావుగారు వెలగబెడుతున్నదేమిటో అందరికీ తెలిసిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు గానీ వాదన మాత్రం గెలిచాడు. టిల్మార్క్ జాడే లేదు.

జితేంద్ర మనసులోనే పెట్టె సర్దడం మొదలుపెట్టాడు.

ఫ్రావ్ కెల్లర్ వైపు నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది.

"నేనూ కొట్టి చూశాను," అంది చివరికి. "నాకూ టిల్మార్కే వచ్చింది. హెర్ జితేంద్ర చెప్పింది నిజమే, ఇది బ్రౌజర్ చేసిన పనే. ఇంతటితో వదిలేద్దాం."

రావు ఏదో అనబోయేలోపే కాల్ కట్ చేసింది.

జితేంద్రకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఏం కొట్టిందో, ఏం చూసిందో, అంత పెద్ద హెచ్ఆర్‌కి కంప్యూటర్ ఓనమాలు కూడా రావని నవ్వుకుంటూ, గీతికకు చెబుదామని లేచాడు.

అంతలో లాప్‌టాప్ టింగుమంది. అతనొక్కడికే ఫ్రావ్ కెల్లర్ మెసేజ్ పెట్టింది, జర్మన్‌లో. అతని అరకొర జర్మన్‌కు కూడా ఇట్టే అర్థమైంది:

"టిల్మార్క్ పనికి రేపటి నుంచి మనిద్దరం వేరే బ్రౌజర్ వాడదాం."