తీగ మీది సభ

ఆ పట్నం వీధిలో చెట్టు నీడన్నది లేదు. ఒక వేసవిలో స్తంభం మీది గూట్లో ఒక పిల్ల ఎండదెబ్బకు పోయాక, కాకి నల్లమ్మ వీధి పొడుగునా వేపచెట్లు పెంచాలని పట్టుబట్టింది. పక్షులన్నిటినీ కరెంటు తీగ మీద కూర్చోబెట్టి, పైనుంచే చూసి వరసగా చోట్లు చెప్పింది. ఉడుత గింజలు నాటింది, పిచ్చుకలు నీళ్లు మోశాయి.

మొలకలు జానెడు లేచి ఎండిపోయాయి. రెండో ఏడూ అంతే. తీగ మీద అందరూ ఉడుతనే తిట్టారు. అది కళ్లనీళ్లు పెట్టుకుంటే నల్లమ్మకు మనసు ఊరుకోలేదు. కిందికి దిగి, ఎండిన మొలక పక్కన మన్ను తవ్వింది. వానపాము ఒకటి బయటపడింది.

“బెత్తెడు లోతునే సిమెంటు ఉందమ్మా, వేరు దిగదు. ఆ గోడవారన అయితే మెత్తటి మన్ను,” అంది అది వణుకుతూ.

“తెలిసీ రెండేళ్లు చెప్పలేదేం?”

“సభేమో తీగ మీద పెడితిరి. ఎట్లాగో వచ్చినా, నన్ను మాట్లాడనిచ్చేవారా తల్లీ?”

నల్లమ్మ ముక్కు అప్పటికే వానపాము మీదికి వంగి ఉంది. మెల్లగా వెనక్కి జరిగింది.

ఇప్పుడు సభలు గోడవారన, మట్టిలోనే. నల్లమ్మ పెట్టిన నియమం ఒక్కటే: ఎవరైనా సరే, గూట్లో కడుపునిండా తిని రావాలి.