వేళ్లు కనపడాలె

ఆన్‌లైన్ సంగీతం పాఠం కోసం స్టాండుకు ఫోన్ బిగించి యాదగిరి వెనక్కి జరిగిండు. తెర మీద భార్య సుగుణ మొఖం ఒక్కటే కనపడుతాంది.

"జర కిందికి దించు. హార్మోనియం మీద నా వేళ్లు కనపడాలె," అన్నది సుగుణ.

"మొఖం చాలు. పిల్లలు విని నేర్చుకుంటరు."

"వేళ్లు చూడకుంటే వాళ్లకు రాదు."

యాదగిరి లైటు సర్దుతున్నట్టు అటు తిరిగిండు. "నీ చేతుల మీద ఆ బొల్లి మచ్చలు చూస్తే రోత పుడ్తది."

"వాళ్లకా, నీకా?"

యాదగిరి మైకు తీసిండు. సుగుణ చెయ్యి చాపితే, మైకు ఆ చేతికియ్యకుండ బల్ల మీద పెట్టిండు.

మచ్చలొచ్చినప్పటి సంది, ఎనిమిదేండ్లుగ, యాదగిరి తన అన్నం తనే వడ్డించుకుంటున్నడు. భార్యకు పని తప్పిస్తున్నడని మోత్కూర్‌ల చుట్టాలందరు మెచ్చుకున్నరు, సుగుణ కూడా మురిసింది. అది ఈ చేతుల వడ్డన తప్పించుకునేటందుకని ఇప్పుడు సమజైంది, ఆ మనిషిని చూస్తుంటే ఆమెకే రోత పుట్టింది.

ఫోన్ మోగింది. జడ్చర్ల నుంచి మొదటి శిష్యురాలు.

"నువ్వు బయటికి నడువు. పాఠం మొదలైతాంది," అని సుగుణ స్టాండును తనే కిందికి వంచింది. తెర నిండ హార్మోనియం మెట్లు, వాటి మీద ఆమె చేతులు.

"చేతులకు గవేంది టీచర్?" అని అడిగింది పిల్ల.

"బొల్లి మచ్చలు బిడ్డా."

"సరె టీచర్. ముందుగాల ఏ వేలు పెట్టాలె?"