రెండో బంతి

పెళ్ళాం పోయినవాడికి పీటల మీద చోటు లేదు. గోల్ఫు కోర్సులోనూ లేదు.

మొదటిది శాస్త్రం. రెండోది క్లబ్బు గోడ మీద బోర్డు. 'ఒంటరిగా ఆడేవారు వెనక వచ్చే జట్టుకు దారి ఇవ్వవలెను' అని పెద్ద అక్షరాలతో రాయించారు.

నరసరాజు ఆ బోర్డు చదివాడు. చదివి, రెండు సంచులు భుజాలకు తగిలించుకుని కోర్సులోకి దిగాడు. ఒకటి నల్లది. ఒకటి గులాబీ రంగుది.

కైకలూరు అవతల చేపల చెరువులు పూడ్చి వేసిన కోర్సు అది. పూడ్చిన వాటిలో నరసరాజు చెరువు కూడా ఉంది. అందుకే ఆయనకీ, ఆయన భార్యకీ సభ్యత్వం ఇచ్చారు. నిరుడు ఆవిడ, నాగరత్నం, పోయింది.

మూడో హోలు దగ్గర వెనక జట్టు వచ్చి కలిసింది. ముగ్గురు. క్లబ్బు కెప్టెను శ్రీహరి, కైకలూరులో రొయ్యల మేత దుకాణం ఆయనది. తాడేపల్లిగూడెం బియ్యం వ్యాపారి పాపారావు. ఈ మధ్యే ఆట నేర్చుకుంటున్న శ్రీహరి కూతురు రమ్య.

"రాజుగారూ, కాస్త మాకు దారివ్వండి," అన్నాడు శ్రీహరి.

"ఇవ్వను."

"తప్పుగా అనుకోకండి. వెనకవాళ్ళని ఇలా నిలబెట్టడం ఆట మర్యాద కాదండి."

"మర్యాదా? మీరు 'ముందు మీరు కానివ్వండి', 'అబ్బే, మీరు కానివ్వండి' అనుకునేలోపు నేను రెండు బంతులూ కొట్టేసి జెండా పాతిన గుంత దగ్గరుంటాను."

పాపారావు నవ్వు ఆపుకున్నాడు. ఇందాక మొదటి హోలు దగ్గర జరిగింది అదే. పెద్దవారు మీరని శ్రీహరి, కెప్టెన్ మీరని పాపారావు. ఇద్దరూ చేతులు చాచి నిలబడితే, విసుగొచ్చి రమ్య కొట్టింది.

"అది వేరండి," అన్నాడు శ్రీహరి. "ఒంటరివారు ఆగాలని రూలు. పైగా మీరు రెండు బంతులు కొడుతున్నారు. ప్రాక్టీసు చేసుకోవాలంటే జనం లేనప్పుడు రండి. ఇలాగైతే కమిటీకి చెప్పాల్సొస్తుంది. సభ్యత్వం తీసేస్తారు."

"తీసెయ్యమనండి. పూడ్చిన చెరువు మళ్ళీ తవ్వి నాకు అప్పజెప్పమనండి."

శ్రీహరి టోపీ సర్దుకున్నాడు.

నరసరాజు తన బంతి కొట్టాడు. తర్వాత ఆడవాళ్ళు మొదలుపెట్టే ఎర్ర గుర్తు దాకా నడిచాడు. రెండో బంతి అక్కడ పెట్టాడు. గులాబీ సంచిలోంచి పొట్టి కర్ర తీశాడు. బంతికి అటువైపు తిరిగి ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు.

పాపారావు దగ్గరికొచ్చాడు. "ఇది నాగరత్నమ్మగారి కర్ర కదండీ?"

"ఆవిడదే. ఆవిడది ఎడమచేతి వాటం."

"ఈ బంతి?"

"అదీ ఆవిడదే. ఇక్కడ ఇద్దరు ఆడుతున్నారు. ఒంటరివాడెవడూ లేడు."

బంతి లేచింది. నేరుగా వెళ్ళి పడింది.

పాపారావు వెనక్కి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "భార్య లేనివాడు దర్భనైనా పక్కన పెట్టుకోనిదే పీటల మీద కూర్చోనివ్వరు కదండీ. ఈయన బంతి పెట్టుకున్నారు."

శ్రీహరి టోపీ తీశాడు. "రాజుగారూ, కానివ్వండి. మేం ఆగుతాం."

"జాలిపడి ఆగొద్దు. ముందున్న జట్టుకి ఆగినట్టు ఆగండి."

అలాగే ఆగారు. వాళ్ళ వెనక మరో జట్టు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. సంగతి చెవిన పడ్డాక ఎవరూ కేకెయ్యలేదు. ఒకాయన సెల్ ఫోన్ మోత కూడా ఆపేశాడు.

అయిదో హోలు దగ్గర నాగరత్నం బంతి గుర్రపుడెక్క పెరిగిన నీళ్ళగుంట వైపు దొర్లింది. అంతవరకూ అడుగులో అడుగేసి నడిచిన నరసరాజు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. బంతి సరిగ్గా గట్టు మీద ఆగింది. నరసరాజు తల పట్టుకున్నాడు.

"నీళ్ళలో పడిపోతుందని ఎంత కంగారుపడ్డారో, పాపం," అంది రమ్య.

నాగరత్నం బంతిని ఎలా పడితే అలా కొట్టెయ్యొచ్చు. ఆయన కొట్టలేదు. ప్రతి హోలు దగ్గరా ఆ బంతి ముందు గొంతుక్కూర్చున్నాడు. తుడిచాడు. గడ్డి ఎటు వాలిందో చూశాడు. తన బంతికి కూడా అంత ఓపిక చూపలేదు. ఆవిడ బంతి జెండా వైపు దొర్లుతున్నంతసేపూ ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"ఆవిడతో మాట్లాడుతున్నారు నాన్నా," అంది రమ్య.

"ఊరుకో," అన్నాడు శ్రీహరి. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

చివరి హోలు. నరసరాజు బంతి గుంత అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది. నాగరత్నం బంతి చాలా దూరంలో ఉంది. ఆయన చాలాసేపు చూసి కొట్టాడు. అది వంపు తిరిగి, వెళ్ళి, గుంతలో పడింది.

వెనక నిలబడ్డ జట్లన్నీ చప్పట్లు కొట్టాయి. నరసరాజు వాళ్ళ వైపు చూడలేదు. తన బంతిని ఇంకో దెబ్బతో గుంతలో వేసి, కర్రలు తుడిచి సంచుల్లో పెట్టుకున్నాడు.

పాపారావు ఎదురెళ్ళాడు. "కమిటీకి నేను చెబుతానండి. మిమ్మల్ని ఆపేవాళ్ళుండరు. నాగరత్నమ్మగారు పుణ్యం చేసుకున్నారు. ఇలా ఎన్నాళ్ళు ఆడతారండీ?"

నరసరాజు రెండు సంచులూ భుజాలకెత్తుకున్నాడు.

"బతికుండగా నన్ను ఒక్క ఆటా గెలవనివ్వలేదు, పోయాకా గెలవనివ్వడం లేదు, దాన్ని ఓడించిన రోజున ఈ కోర్సంతా మీకే వదిలేసి పోతాను, ఈ ఊసు మాత్రం ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి."